ఏడుపు ఆపేసిన పిల్ల

పెద్దవాగుకు అవతల రేలచెట్ల అడవి ఒకటి ఉండేది. అందులో దుప్పులు, నెమళ్లు, ఎలుగుబంట్లు, ఒక చిరుత కాపురముండేవి. చెట్ల మీద మాత్రం కొండముచ్చులదే రాజ్యం.

ఆ కొండముచ్చుల మందలో ఒక మంచి ఆచారం ఉండేది. పసిపిల్లను తల్లి ఒక్కతే మోయదు. తల్లి మేతకు వెళ్తే పిన్నులు, అత్తలు వంతులవారీగా ఎత్తుకునేవి. దానికి ఒకటే నియమం. పిల్ల ఏడిస్తే, ఎత్తుకున్నది ఎవరైనా సరే, వెంటనే తల్లికి అందించాలి.

మందలో కిన్నెర అనే పడుచు కొండముచ్చు ఉండేది. దానికి పిల్లలంటే ప్రాణం. ఆ మాట నిజమే, కాదనలేం. ఒళ్లో వేసుకుని ఊపి, చెవిలో గురగురమని ఏదో చెప్పి ఎంత పేచీ పిల్లనైనా ఊరుకోబెట్టేది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోలు మరీ ఎక్కువైతే ఏమవుతుందో మీకు తెలుసు కదా. తన చేతుల్లో ఏ పిల్లా ఏడవదని, ఇంతవరకు ఏడ్చింది లేదని, కనిపించిన ప్రతి ఒక్కరితో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

అదే మందలో పోలమ్మ అనే మరో కొండముచ్చు ఉండేది. పోయిన వానాకాలంలో దాని బిడ్డ జబ్బు చేసి చనిపోయింది. అప్పటినుంచి అది పెద్దగా మాట్లాడేది కాదు. దాని చేతికి పిల్లనిస్తే, కాస్త కుయ్యిమనగానే తల్లి దగ్గరికి పరుగెత్తేది. పోలమ్మకు పిల్లను ఎత్తుకోవడం చేతకాదని మిగతావి నవ్వేవి. అన్నిటికంటే గట్టిగా కిన్నెరే నవ్వేది.

వేసవి వచ్చింది. చెట్ల తొర్రల్లో నీళ్లు ఎండిపోయాయి. అప్పటికి చెంగల్వ అనే కొండముచ్చుకు అయిదు రోజుల బిడ్డ ఉంది. నీళ్లు తాగకపోతే తల్లికి పాలు పడవు. నీళ్లకు వాగులోకి దిగాలి. వాగు ఒడ్డున చిరుత తిరుగుతోంది. అలాంటి చోటికి పసిదాన్ని తీసుకెళ్లడం క్షేమం కాదు. అందుకని పొద్దున్నే చెంగల్వ తన బిడ్డను కిన్నెర చేతిలో పెట్టింది.

"చెల్లీ, జాగ్రత్త. ఏడిస్తే ఒక్క కేక వెయ్యి, వచ్చేస్తాను" అని చెప్పి వాగుకు వెళ్లింది.

కాసేపటికి పిల్ల ఏడ్చింది. అది ఆకలి ఏడుపు. కిన్నెర ఊపింది, చెవిలో గురగురమంది. పిల్ల ఆపలేదు. పక్క కొమ్మ మీద కూర్చున్నవి తలలు తిప్పి చూశాయి. కిన్నెర మొహం మాడిపోయింది. ఇప్పుడు కేక వేస్తే ఇన్నాళ్లూ సంపాదించిన పేరు ఏం కాను? అది పిల్లను పొట్టకు కరుచుకుని, కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ గుట్ట అవతలి బండల దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడైతే ఏడుపు ఎవరికీ వినిపించదు.

బండల దగ్గర పిల్లను ఎగరేసి ఆడించింది. లేతాకు నమిలి నోట్లో పెట్టింది. పాలు తాగే పసిదానికి ఆకు ఎందుకు? అది ఉమ్మేసి ఇంకా ఏడ్చింది. ఎండ మండిపోతోంది. ఈలోగా చెంగల్వ తిరిగి వచ్చి, బిడ్డ కనబడక చెట్టు చెట్టూ వెతుకుతోంది. మందంతా దానితో కలిసి వెతుకుతోంది.

మధ్యాహ్నం దాటాక పిల్ల ఏడుపు ఆపేసింది. కిన్నెర పొంగిపోయింది. తల ఎగరేసుకుంటూ మంద దగ్గరికి వచ్చి, "ఇంత కంగారు దేనికి? ఎంత బుద్ధిగా ఊరుకుందో చూడండి" అంది.

పోలమ్మ దగ్గరికి వచ్చి పిల్ల మొహం చూసింది. దాని ముక్కు దగ్గర అరచేయి పెట్టింది.

"అది ఊరుకోలేదు కిన్నెరా. ఏడవడానికి ఓపిక లేక ఆగిపోయింది. నా బిడ్డ కూడా ఇలాగే ఆగింది" అంది.

చెంగల్వ బిడ్డను లాక్కుని రొమ్ముకు ఆనించుకుంది. బిడ్డ నోరు తెరవలేదు. పోలమ్మ పక్కన కూర్చుని, తల్లి పాలు ఒక్కొక్క చుక్కే బిడ్డ పెదవుల మీద పడేలా చేసి, వేలితో మెల్లగా దవడ నిమిరింది. ఒక చుక్క లోపలికి పోతే మూడు చుక్కలు బయటికి కారిపోయేవి. పొద్దు వాలేదాకా అవి రెండూ అలాగే కూర్చున్నాయి. ఆఖరికి బిడ్డ గొంతు కదిలింది. ఇంకాసేపటికి సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని చెంగల్వ కూడా ఏడ్చింది.

కిన్నెరను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. దాని చేతికి మాత్రం మళ్లీ ఎవరూ పిల్లనివ్వలేదు. అది చేతులు చాచినప్పుడల్లా తల్లులు పక్కకు తిరిగేవి. మంద పిల్లలన్నీ పోలమ్మ ఒళ్లోకే చేరాయి. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లికి తీరిక అన్నదే లేకుండా పోయింది.

మరుసటి వేసవిలో కిన్నెరకే ఒక బిడ్డ పుట్టింది. రెండు రోజులు అది నీళ్లకు దిగలేదు. బిడ్డను ఎవరికిద్దామన్నా భయమే. తాను చేసినట్టే ఇంకెవరైనా చేస్తే? మూడో రోజుకు పాలు తగ్గిపోయాయి. అప్పుడు తల వంచుకుని పోలమ్మ దగ్గరికి వెళ్లింది.

"అక్కా, నిన్ను చూసి నవ్వినదాన్ని. అడగడానికి నాకు మొహం లేదు. అయినా కాసేపు నా బిడ్డను చూస్తావా?"

పోలమ్మ చేతులు చాచి బిడ్డను అందుకుంది.

కిన్నెర వాగులో నాలుగు గుక్కలు తాగిందో లేదో, చెట్లలోంచి పిల్ల ఏడుపు వినిపించింది. తలెత్తి చూసింది. పోలమ్మ ఆ ఏడుపును ఎవరి దగ్గరా దాచలేదు. మందంతా చూస్తుండగానే, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని కొమ్మల మీంచి తల్లికి ఎదురు వస్తోంది.

నీతి: మనల్ని నమ్మి పసిబిడ్డను చేతికిచ్చినప్పుడు మన పేరు కన్నా బిడ్డ ప్రాణమే ముఖ్యం, మన వల్ల కానప్పుడు ఆ మాట వెంటనే చెప్పాలి.