చినబొట్టు తెంచని పోగు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు కోట లేదు, ఏనుగు లేదు, గుర్రం లేదు. ఎలా ఉంటాయి పిల్లలూ, అప్పటికి చేప కూడా పుట్టందే! ఏడు సముద్రాలూ ఒకే ఉప్పునీరుగా ఉన్న రోజులవి. ఆ నీళ్ళలో కంటికి ఆనని జనం ఉండేవారు. ఒక్కొక్కరికి ఒకే గుండ్రటి ఒళ్ళు, మెడచుట్టూ ఒక పట్టీ, వెనక ఒక తోక. తోక ఆడిస్తే నీళ్ళు కదిలి తిండి వచ్చి పట్టీలో చిక్కేది.

ఒళ్ళు బలిస్తే వాళ్ళు నడిమికి చీలి ఇద్దరయ్యేవారు. మన లవణరాజు అలా మూడుసార్లు చీలి ముగ్గురు కొడుకుల్ని సంపాదించాడు. ఏ సగం రాజు, ఏ సగం కొడుకు అని నన్నడక్కండి, కిరీటం ఎవరి నెత్తిన ఉంటే వాడే రాజు. కొడుకుల పేర్లు పెదబొట్టు, నడిబొట్టు, చినబొట్టు. చీలిన ఇద్దరి మధ్యా ఒక సన్నని పోగు మిగిలేది. దాన్ని పుటుక్కున తెంచుకుని, వెనక్కి చూడకుండా ఎవరి దారిన వారు పోవాలి. అదే అక్కడి మర్యాద. ఇలా చీలుతూ పోయే జనం గనుక ముసలితనమంటే ఏమిటో వాళ్ళెరగరు.

అలాంటి చోట కబళుడనే మాంత్రికుడు దాపురించాడు. వాడికి ఒక రూపమంటూ లేదు. ఎక్కడ కావాలంటే అక్కడ చెయ్యి మొలుస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ నోరు తెరుచుకుంటుంది. ఒంటరిగా కనబడ్డవాణ్ణల్లా గుటుక్కున మింగడమే వాడి పని. వాణ్ణి చంపినవాడికే రాజ్యమని, తన మేనకోడలు నురగదేవినిచ్చి పెళ్ళి చేస్తానని రాజు చాటించాడు.

పెదబొట్టు తన వేగాన్ని నమ్ముకున్నాడు. ఈదాడు, ఈదాడు, తినడానికి తీరిక లేక తోక సొమ్మసిల్లింది. గుటుక్కు! నడిబొట్టు మాంత్రికుడి నోటికి పట్టనంత లావవుదామని తిన్నాడు, తిన్నాడు. తిన్నది అంచుల్లోనే ఉండిపోయి ఒంటి నడిమికి అందలేదు, కదల్లేకపోయాడు. గుటుక్కు! ఇదంతా చూసిన చినబొట్టుకు గుండె జారింది. గుండె అప్పటికింకా పుట్టలేదనుకోండి, ఉంటే జారేదే.

కబళుడి ప్రాణం ఎక్కడ దాగుందో కనుక్కోవాలని చినబొట్టు బయల్దేరాడు. పోయి పోయి ఆకలేసి ఒక రాతి మీద ఆగితే, నలకలో నలకంత పాచి అవ్వ పట్టీలో చిక్కింది. వాళ్ళకు పాచే పప్పన్నం. అయినా అవ్వ వణకడం చూసి జాలేసి వదిలిపెట్టాడు. అవ్వ పొంగిపోయి రహస్యం చెప్పేసింది.

“వాడి ప్రాణం వాడి నోటి వెడల్పులో ఉంది నాయనా. ఆ నోటికి పట్టనిది ఎదురైతే వాడి పని సరి. ఇదిగో, నా జిగురు రాసుకో. ఈసారి చీలినప్పుడు పోగు తెంచకు. కానీ ఒక్క మాట. కలిసున్నాక అందరూ అన్నీ చెయ్యలేరు. తోక ఆడించేవాడు చీలలేడు, చీలేవాడు తోక ఆడించలేడు. చీలనివాడు ముసలాడై పోతాడు.”

పోవడమంటే ఎక్కడికని చినబొట్టు అడిగాడు. అవ్వ అతని ఒంటికి జిగురు పులిమి రాతి పగుల్లోకి జారుకుంది.

చినబొట్టు చీలాడు. రెండో సగం జంటబొట్టు అలవాటు కొద్దీ పోగు తెంచబోతే బతిమాలి ఆపాడు. ఊరంతా విరగబడి నవ్వింది. ఇద్దరూ సిగ్గుతో ముడుచుకుపోయారు, అయినా తెంచలేదు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు ఎనమండుగురయ్యారు, చూస్తుండగానే గుండ్రటి బంతి అయ్యారు. అయ్యారు గానీ ఏం లాభం? ఎవరి తోక వారివైపు లాగితే బంతి ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

అంతలో నీళ్ళు చీకటయ్యాయి. కబళుడు! నోరు తెరిచి సగం బంతిని లోపలికి లాగేశాడు. అంచున ఉన్న ఒకడు హడలిపోయి, పుట్టుకతో వచ్చిన మర్యాద ప్రకారం పోగు తెంచుకుని పరుగెత్తాడు. పరుగెత్తినవాడు రెప్పపాటులో గుటుక్కు! తక్కినవాళ్ళూ పోగుల మీద చేతులు వేయబోయారు. చేతులెక్కడివంటారా, మాటవరసకు అన్నాను.

“తెంచకండిరా! నాతో పాటు కొట్టండి. హైలెస్సా!” అని అరిచాడు చినబొట్టు.

హైలెస్సా! తోకలన్నీ ఒక్కసారి పడ్డాయి. హైలెస్సా! బంతి ముందుకు దూకింది. కబళుడి నోరు సాగింది, ఇంకా సాగింది, మింగలేడు, కక్కలేడు. హైలెస్సా! టప్పున నోరు చిరిగి, మాంత్రికుడు ముక్కలు ముక్కలై నీళ్ళలో కలిసిపోయాడు. వాడి కడుపులో ఇంకా అరగని పెదబొట్టు, నడిబొట్టు, పారిపోయినవాడు బయటపడి, మీ పక్కన చోటుందా అని అడుగుతూ వచ్చి అతుక్కున్నారు.

రాజు ఆనందం పట్టలేక అక్కడికక్కడే కిరీటం తీసి, పెళ్ళికొడుకెవరని అడిగాడు. అక్కడే వచ్చింది చిక్కు. పెళ్ళాడి పిల్లల్ని కనేవాడు తోక వదిలి లోపలికి పోవాలి. అందరూ లోపలికి పోతే బంతి మునిగిపోతుంది. లోపలివాడి వంశం నిలుస్తుంది, బయటివాడు ముసలాడై పోతాడు. అవ్వ మాట చినబొట్టుకు అప్పుడర్థమైంది. భయమేసింది, చాలా భయమేసింది. అయినా జంటబొట్టును లోపలికి నెట్టాడు.

“నువ్వు చీలకపోతే నీ తర్వాత ఎవరుంటార్రా?” అని అడ్డుపడ్డాడు జంటబొట్టు.

“నువ్వూ నేనూ ఒకటి కాదుట్రా? నీ పిల్లలుంటారు. పద, ముహూర్తం దాటిపోతోంది.”

పెళ్ళి ఆకాశమంత పందిరి కింద జరిగింది. చినబొట్టు బయటి వరసలో నిలబడి, నీళ్ళు తోడి, వచ్చినవాళ్ళందరికీ తిండి అందించాడు. నురగదేవికీ జంటబొట్టుకూ బంతులు బంతులుగా పిల్లలు పుట్టారు. చినబొట్టు సముద్రంలోకెల్లా మొదటి ముసలాడయ్యాడు. అతని ముడతలు చూడ్డానికి పిల్లలు ఎగబడేవారు, పెదనాన్నా పెదనాన్నా అంటూ. ఒక పొద్దున అతని తోక ఆగింది. ఏడవడం ఎలాగో తెలియని ఆ జనం ఆరోజే నేర్చుకున్నారు. బంతి మాత్రం మునగలేదు. ఒక చిన్నది వచ్చి ఆ ఖాళీలో నిలబడి, హైలెస్సా అంటూ తోక వేసింది.

ఆ రాజ్యం ఇప్పటికీ సాగుతూనే ఉంది పిల్లలూ. చేపైంది, పిట్టైంది, మీరూ నేనూ అయింది. నిద్రపోయినా సరే, మీ గొంతులో దుమ్మును బయటికి తోస్తూ తోకలాడించేవాళ్ళు ఈ క్షణాన కూడా ఉన్నారు. వాళ్ళలో ఒక్కడికీ తన పేరు నిలవాలని లేదు, మీరు హాయిగా ఊపిరి తీసుకుంటే చాలు. కథ కడలిలోకి, మనం గట్టు మీదికి.