కంకణగిరి కొత్త గోడ

ఏటికి ఇవతలి ఒడ్డున కంకణగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని విజయకేతన భూపతి ఏలేవాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేదు. మంచివాడని మాత్రం ఆయనకు వినబడేంత దూరంలో అందరూ అనేవారు.

కోట గుమ్మం పక్కన పొడుగాటి నల్ల గోడ ఒకటి ఉండేది. రోజూ తెల్లవారేసరికి దాని మీద సున్నంతో ఆనాటి వార్తలు రాసేవారు. అన్నిటికంటే పైన, ఎగువ చెరువు తూములు ఎప్పుడు ఎత్తుతారో ఉండేది. దాని కింద న్యాయసభలో ఏ తగవు ఏ వేళకు వస్తుందో ఉండేది. ఆ తరవాత సంత ధరలు, అడుగున చావులూ పెళ్ళిళ్ళూ. చదువు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివిపెట్టేవారు, మధ్యమధ్య తమ సొంత వార్తలు కూడా కలిపి.

ఆ గోడ గురించి రాజుగారి తాతగారి శాసనం ఒకటి ఉంది. గోడకెక్కిన మాట ఊరందరికీ తెలిసినట్టే. ఆ తరవాత 'నాకు తెలియదు' అనే హక్కు ఎవరికీ లేదు.

ఒక వేసవిలో భూపతికి ఆ గోడ మీద విసుగు పుట్టింది. "పొరుగు రాజులు వస్తే ముందుగా చూసేది ఈ మసిగోడనా?" అని, తానే కూర్చుని కొత్తది గీశాడు. చలవరాతి పలకలు దించారు. నడుమ గుర్రం మీద భూపతి. చుట్టూ నెమళ్ళు, తీగలు, నాట్యమాడే అమ్మాయిలు. పైన భూపతి అల్లిన పద్యాలు బంగారు నీటితో రాశారు. ఇక వార్తలంటారా, తీగకూ తీగకూ మధ్య ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సర్దారు.

ఊరు రెండుగా చీలింది. నేను ఎవరినీ ఏమీ అనను గాని, జరిగింది చెప్పాలి కదా. కుర్రకారు గోడ బ్రహ్మాండంగా ఉందన్నారు. వాళ్ళు చూసింది అమ్మాయిల బొమ్మలున్న వైపే. పట్టుబట్టల వర్తకుడు ముత్యాలసెట్టి పాత గోడే నయమన్నాడు. పాత గోడను ఆయన ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. మంగలి వీరాస్వామి పొద్దున్న కోటలో గడ్డాలు గీస్తూ కొత్తది మేలన్నాడు, మధ్యాహ్నం పేటలో గీస్తూ పాతది మేలన్నాడు. రెండు చోట్లా కత్తి ఆయన చేతిలోనే ఉంది గనక ఎవరూ కాదనలేదు. కరణం నరసరాజుగారు గోడను వారం రోజులు పొగిడారు. ఆయనకు చత్వారం.

జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని భూపతికీ అనిపించింది. గోడ ముందు బల్లెంతో ఒక భటుణ్ణి నిలబెట్టి, వచ్చినవాళ్ళనల్లా "ఎలా ఉంది?" అని అడగమన్నాడు. అందరూ చాలా బాగుందన్నారు. భూపతి సంతోషించాడు.

అప్పటికి ఏరు ఎండి ఇసుక తేలింది. సూరీడమ్మ అనే ఆవిడ ఆ ఇసుకలో దోసపాదులు పెట్టుకుని బతికేది. మొగుడు పోయాడు. ఇంట్లో నడవలేని అత్తగారు ఉంది. రోజూ గోడ దగ్గరికి వచ్చి, "తూములు ఎత్తుతున్నారా బాబూ?" అని ఎవరినో అడిగి, ఏట్లోకి దిగేది.

ఆ రోజు కరణంగారిని అడిగింది. ఆయన గోడ వైపు చాలాసేపు చూసి, గుర్రం కాళ్ళు ఎంత చక్కగా చెక్కారో చెప్పారు. తూముల మాట ఏమీ కనబడలేదన్నారు. పొద్దువాలేసరికి తూముల నీళ్ళు ఏట్లోకి వచ్చి పడ్డాయి. కోతకు వచ్చిన తోట మొత్తం కొట్టుకుపోయింది.

తడిచీరతోనే గోడ దగ్గరికి వచ్చి నిలబడింది సూరీడమ్మ. భటుడు అలవాటు కొద్దీ "ఎలా ఉంది?" అని అడిగాడు.

"చాలా అందంగా ఉంది నాయనా. ఊరికి కావలసింది తప్ప అన్నీ ఉన్నాయి" అంది.

ఆ మాట ఆమెకంటే ముందే కోటలోకి పోయింది. మర్నాడు సభకు పిలిపించారు.

"తూముల వార్త గోడ మీద ఉందా లేదా?" అని భూపతి అధికారులను అడిగాడు.

"ఉంది ప్రభూ. మూడో తీగ దగ్గర."

"గోడకెక్కితే తెలిసినట్టే. తోట పోవడం నీ తప్పు. పైగా నా గోడను నలుగురిలో నిందించావు. ఈ నేరానికి నేనే ఫిర్యాదిని. నిన్ను ఏరు దాటించి పంపేస్తాను" అన్నాడు భూపతి.

సూరీడమ్మ తల ఎత్తలేదు. "ముసల్దాన్ని ఎక్కడికి మోసుకుపోను ప్రభూ?" అని మాత్రం అడిగింది. సభలో పెద్దలందరూ ఒకేసారి తమ ఉత్తరీయాలు సర్దుకోవడంలో పడ్డారు.

న్యాయసభ వేళలు నిర్ణయించే కొండుభట్టు లేచాడు. అతనికి నోరు కాస్త చురుకు. దాని మూలంగా రెండుసార్లు జీతం పెరిగింది, మూడుసార్లు తగ్గింది.

"విచారణ లేకుండా దాటించే ఆచారం లేదు ప్రభూ. ఫిర్యాది ఎంతటివాడైనా తానే వచ్చి, తన నోటితో చెప్పాలి. వేళకు రాకపోతే ఫిర్యాదు పోతుంది, మళ్ళీ తీసేది లేదు. వేళ ఎప్పుడో గోడకెక్కించమంటారా?"

"అదే కదా పద్ధతి. ఎక్కించు" అన్నాడు భూపతి.

మర్నాడు కొండుభట్టు భూపతిని గోడ దగ్గరికి స్వయంగా తీసుకుపోయాడు. గొడుగు తనే పట్టాడు. భూపతి తన పద్యాలు చదువుకున్నాడు. గుర్రాన్ని దగ్గరగా చూశాడు, తనను ఇంకాస్త దగ్గరగా చూసుకున్నాడు. జనం దూరంగా నిలబడి వింటున్నారు.

"ప్రభువులు అంతా చూసినట్టేనా?"

"అంతా చూశాను."

"కనబడనిది ఏమైనా ఉందా?"

"కనబడకపోవడానికి ఏముంది? పసివాడికైనా కనబడుతుంది" అన్నాడు భూపతి.

ఆ సాయంకాలం సూరీడమ్మ కొండుభట్టు ఇంటికి వచ్చింది. "అయ్యా, అత్తను కూర్చోబెట్టి మొయ్యడానికి కావడి కావాలి. ఎవరైనా ఇస్తారా?" అంది. ఆమె ఏడవలేదు. గంపా తట్టా అప్పటికే కట్టేసుకుని వచ్చింది.

"రేపు పొద్దు పొడిచేసరికి న్యాయసభకు రా అమ్మా. కావడి సంగతి ఆ తరవాత చూద్దాం" అన్నాడతను.

మర్నాడు సూర్యుడు కోట బురుజు దాటేసరికి ధర్మాధికారి పీఠం మీద ఉన్నాడు. సూరీడమ్మ ఎదురుగా నిలబడింది. ఫిర్యాదిని మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఫిర్యాది అప్పటికి ఇంకా పక్క మీదే ఉన్నాడు.

"ఫిర్యాది రాలేదు. ఫిర్యాదు కొట్టేశాను. ఆమె ఇంటికి పోవచ్చు" అన్నాడు ధర్మాధికారి.

భూపతికి ఫలహారాల వేళ ఈ సంగతి తెలిసింది. కొండుభట్టును ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా రప్పించాడు.

"విచారణ ఇవాళేనని నాకు ఎవడు చెప్పాడు?"

"గోడ చెప్పింది ప్రభూ. నిన్న తమరు దాని ఎదుటే ఉన్నారు. అంతా చూశానని సెలవిచ్చారు. పేటంతా విన్నారు."

"అక్కడ అలాంటిదేమీ లేదు."

"తమరి తాతగారి శాసనం ప్రకారం తమరికి తెలుసు ప్రభూ. తెలియదనే హక్కు తమరికి లేదు. మొన్న సభలో తమరే అన్నారు."

భూపతి ముఖం కందగడ్డ అయింది. "పద. లేకపోతే ఆమె బదులు నువ్వు దాటుతావు ఏరు" అని లేచాడు.

గోడ దగ్గర ఊరంతా పోగయింది. భూపతి ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాడు. వంగి వెతికాడు. కిరీటం జారితే చేతిలో పట్టుకుని వెతికాడు. కరణంగారు సాయం చేయబోయి, మళ్ళీ గుర్రం కాళ్ళ దగ్గర ఆగిపోయారు. ఎండ ముదిరింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం లేదు. నిజానికి, చెమటలు కారుస్తూ వెతుకుతున్న ఆ మనిషిని చూస్తే నవ్వు రాలేదు కూడా. వాళ్ళంతా అలా వెతికినవాళ్ళే.

చివరకు సూరీడమ్మ ముందుకు వచ్చింది.

"ఇటు చూడండి ప్రభూ. ఈ మూడో తీగ మలుపులో, నెమలి తోక కింద."

భూపతి చూశాడు. గోరంత అక్షరాలతో విచారణ వేళ ఉంది.

"నీకెలా తెలుసు?"

"మొన్న నా తోట పోయింది ఇక్కడే ప్రభూ. తూముల మాట ఇక్కడే రాశారని నీళ్ళు వచ్చాక ఎవరో చూపించారు."

భూపతి ఆ అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. చేతిలోని కిరీటం అలాగే ఉండిపోయింది. తరవాత కొండుభట్టు వైపు తిరిగాడు.

"నువ్వు నన్ను మోసం చేశావా?"

"లేదు ప్రభూ. ఊరు చదివే గోడనే తమరిచేత కూడా చదివించాను."

భూపతి తన చేతి కడియం తీసి కొండుభట్టుకు తొడిగాడు. గోడ పై భాగం చెరిపించి, నల్ల రంగు వేయించి, తూములూ విచారణలూ మునుపటి చోట, మునుపటంత సున్నపు అక్షరాలతో రాయించాడు. పద్యాలు అడుగుకు దిగాయి. సూరీడమ్మకు పోయిన పంటకు బదులు పంట, కొత్త విత్తనం ఇప్పించాడు. ఊరు మళ్ళీ రెండుగా చీలింది. అమ్మాయిల బొమ్మలు తగ్గాయని కుర్రకారు దిగులు పడ్డారు.

నాలుగు రోజులు పోయాక భూపతి గోడ దగ్గరికి వచ్చాడు. ఈసారి భటుణ్ణి పక్కకు పొమ్మని, సూరీడమ్మను తానే అడిగాడు.

"ఇప్పుడెలా ఉంది? నిజం చెప్పు."

నిజం చెప్పినందుకే కదా ఆమె మొన్న మూట కట్టుకుంది. కొండుభట్టు కడియం మీద చెయ్యి వేసుకున్నాడు.

సూరీడమ్మ పక్కనున్నవాళ్ళ చేత గోడ పైనుంచి కిందికి చదివించుకుంది. వాన జాడ లేదు. బియ్యం ధర పెరిగింది. అడుగున రెండు చావులు.

"అన్నీ తెలుస్తున్నాయి ప్రభూ" అంది. "వార్తలే బాగాలేవు."

అప్పుడు భూపతి నవ్వాడు. నవ్వి నవ్వి గోడకు చేరగిలబడ్డాడు, వీపుకు సున్నం అంటినా చూసుకోలేదు. ఆ నవ్వు నిజమైనదేనని తేల్చుకున్నాక ఊరు కూడా నవ్వింది.

సూరీడమ్మ మాత్రం నిలబడలేదు. ఆ రోజు తూములు ఎత్తడం లేదని పై వరసలోనే తేలిపోయింది గనక, విత్తనాల మూట నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగింది.