గేటు చూసి చేరిన ముళ్ళపంది ఇంజనీరు

అనగనగా ఒక అడవిలో ఒక ముళ్ళపంది ఉండేది. దాని పేరు సూదయ్య. తనంత తెలివైన జంతువు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదని దాని గట్టి నమ్మకం. నవ్వకండి పిల్లలూ. ఆ సూదయ్యను నేనే.

మా అడవిలో ఇంజనీరు అంటే చాలా గౌరవం. బొరియ తవ్వాలన్నా, వాగు మీద వంతెన కట్టాలన్నా, వాన నీళ్ళు దారి మళ్ళించాలన్నా ఇంజనీరే రావాలి. నేనూ ఇంజనీరు కావాలనుకుని ప్రవేశ పరీక్ష రాశాను. ర్యాంకు ఎంతని అడగొద్దు. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు. ఏదో ఒకటి వచ్చింది. దానికి రెండు కాలేజీల్లో సీటు దొరుకుతుందన్నారు. ఒకటి కొండమీది కాలేజీ. అక్కడ తొమ్మిది వందల మంది చదువుతారు. రెండోది వాగు ఒడ్డు కాలేజీ. అక్కడ ముప్పై ఆరుగురే.

మా అమ్మ చెప్పింది, "ఒరేయ్, రెండూ చూసి రా. అక్కడ చదువుతున్నవాళ్ళతో మాట్లాడు. పాఠం ఎలా చెబుతారో అడుగు."

నేను సరేనని బయలుదేరాను. నా స్నేహితురాలు చెంగి కూడా వచ్చింది. చెంగి కుందేలు. నా ర్యాంకే దానికీ వచ్చింది. తెలివి మాత్రం దానికే ఎక్కువ వచ్చింది.

ముందు కొండ మీదికి వెళ్ళాం. ఏం గేటు పిల్లలూ అది! రెండు ఏనుగులు పక్కపక్కనే నడిచి వెళ్ళొచ్చు. గేటు దగ్గర ఒక నెమలి పురి విప్పి నిలబడి, "రండి రండి! మీ సందేహాలు ఏమైనా అడగండి" అంది.

నేను మూడు సందేహాలు అడిగాను. గేటు ఎత్తు ఎంత? క్యాంటీన్‌లో ఎన్ని రకాల దుంపలు దొరుకుతాయి? కాలేజీ పేరు రాసిన మెడపట్టీ మొదటి రోజే ఇస్తారా?

మూడింటికీ నెమలి చాలా వివరంగా జవాబు చెప్పింది. నాకు తృప్తిగా అనిపించింది. చెంగి ఏం అడిగిందో నేను వినలేదు. అది ఎవరో సీనియర్ దుప్పితో చాలాసేపు మాట్లాడింది. నేను ఆ సమయంలో దుంపల దగ్గర ఉన్నాను.

తర్వాత వాగు ఒడ్డుకు వెళ్ళాం. అక్కడ గేటు లేదు. రెండు వెదురు గడలు పాతి ఉన్నాయి, అంతే. ఒక ముసలి నీటికుక్క మెడదాకా బురదలో దిగి పిల్లలకు గట్టు వేయడం నేర్పుతోంది. ఆమే ప్రిన్సిపాల్, ఆమే లెక్చరర్.

నన్ను చూడగానే ఒక బురద ముద్ద చేతిలో పెట్టి, "దీంతో గట్టు నిలుస్తుందా, నిలవదా? నొక్కి చూసి చెప్పు బాబూ" అంది.

"నా ముళ్ళకు మట్టి అంటుతుందండీ" అన్నాను.

ఆమె నవ్వలేదు. కోప్పడలేదు కూడా. "నువ్వు వింటే నేర్చుకుంటావా, చూస్తే నేర్చుకుంటావా, చేస్తే నేర్చుకుంటావా?" అని అడిగింది.

"నేను ఎలాగైనా నేర్చుకుంటానండీ."

"ఉన్న మాట చెబుతాను. పెద్ద వంతెనలు నేర్పేవాళ్ళు మా దగ్గర లేరు. అవి కావాలంటే కొండమీదికే వెళ్ళు. కాని అక్కడ తొమ్మిది వందల మందిలో ఉంటావు. అర్థం కాకపోతే లేచి అడగాలి. అడగగలవా?"

నాకు ఒళ్ళు మండింది. నన్ను పట్టుకుని అడగగలవా అంటుందా? నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను ఏ తరగతిలోనూ నోరు విప్పి ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే తెలివితక్కువవాడిని అనుకుంటారని భయం. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు గాంభీర్యం.

తిరిగి వస్తుంటే చెంగి అంది, "నేను కొండమీద చేరతాను. నాకు వంతెనలు కావాలి. నువ్వు మాత్రం వాగు ఒడ్డున చేరు సూదీ. నీకు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్ళు ఉండాలి."

"ముప్పై ఆరుగురున్న కాలేజీలో చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు" అన్నాను.

అలా నేను కొండమీది కాలేజీలో చేరాను. మెడపట్టీ మొదటి రోజే ఇచ్చారు.

మొదటి ఏడాది పాఠాలు. నా ముళ్ళు గుచ్చుకుంటాయని ఎవరూ పక్కన కూర్చోనిచ్చేవారు కాదు. చివరి వరుసకు చేరాను. పాఠం చెప్పే ఏనుగుసారు అక్కడినుంచి చింతగింజంత కనిపించేవారు. మాట సగమే వినిపించేది. వినిపించిన సగానికి నేను తల ఊపేవాణ్ణి.

రెండో ఏడాది ల్యాబ్. ఒక్కో గుంట చుట్టూ ముప్పై మంది. నేను ముప్పయ్యోవాణ్ణి. ముందున్నవాళ్ళ వీపులను శ్రద్ధగా గమనించి, చెంగి రికార్డు చూసి రాసుకునేవాణ్ణి. నా చేతిరాత బాగుంటుంది. దానికి మార్కులు వేశారు.

మూడో ఏడాది ప్రాజెక్టు. పదకొండు మంది కలిసి ఒక బొరియ కట్టాలి. పదిమంది తవ్వారు. నేను ఆ బొరియకు మంచి పేరు పెట్టాను.

పట్టా ఇచ్చే రోజు ఏనుగుసారు నా తల మీద తొండం పెట్టి, "బాగా చదివావు అడవిపందీ" అని దీవించారు. మూడేళ్ళు ఆయన తరగతిలో కూర్చున్నాను. నేను ముళ్ళపందినని కూడా ఆయనకు తెలియలేదు. అయినా నేను ఒంగి దండం పెట్టి పట్టా తీసుకున్నాను.

ఇంటికి రాగానే మా వాళ్ళంతా నన్ను చూడడానికి వచ్చారు. మా పిన్ని అందరికంటే ముందు వచ్చింది. ఆమెకు అప్పుడే ముగ్గురు పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళు సరిగ్గా విప్పని పసికూనలు.

"సూదీ, వానలు దగ్గరపడ్డాయి. పాత బొరియ పగుళ్ళు వేసింది. కొత్తది తవ్విపెట్టరా. ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాళ్ళను ఎందుకు పిలవడం?" అంది.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ముళ్ళపందికి బొరియ తవ్వడం ఎవరూ నేర్పక్కర్లేదు. మా జాతికి పుట్టుకతోనే వస్తుంది. ఆ వచ్చినదాన్ని నేను మూడేళ్ళు చదివి మరిచిపోయాను.

నేలమీద ఒక బొమ్మ గీశాను. "గుమ్మం ఇక్కడ. దారి ఇలా కిందికి దిగాలి. గది అడుగున ఉండాలి" అని చెప్పాను.

పిన్ని సందేహంగా చూసింది. "మీ బాబాయి ఎప్పుడూ దారిని పైకి తవ్వేవాడురా."

"అది పాత పద్ధతి పిన్నీ" అన్నాను.

గట్టు వాలులో బొరియ సిద్ధమైంది. పిన్ని పిల్లలతో చేరింది. నాలుగో రోజు మధ్యాహ్నం మొదటి వాన పడింది.

గట్టు మీది నీళ్ళన్నీ నేరుగా గుమ్మంలోకి పోయాయి. దారి కిందికే ఉంది కదా, నీళ్ళకు నేను చక్కగా బాట వేసినట్టయింది. పిన్ని కేకలు విని పరుగెత్తాను. ఆమె ఒక పిల్లను నోట కరుచుకుని బయటికి వచ్చింది. మళ్ళీ వెళ్ళి రెండోదాన్ని తెచ్చింది. మూడోది గది మూలన ఉండిపోయింది.

"నేను తెస్తాను!" అని నేను లోపలికి దూరాను. రెండడుగులు వేశానో లేదో నీళ్ళు ముఖాన కొట్టాయి. భయంతో నా ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. గోడలకు గుచ్చుకుని గుమ్మంలో ఇరుక్కుపోయాను. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. కాపాడడానికి వెళ్ళినవాణ్ణి దారికి అడ్డంగా బిరడాలా బిగుసుకున్నాను. నా వెనక పిన్ని ఏడుస్తోంది. "జరగరా! పక్కకు జరగరా!" అని నా ముళ్ళను చేతులతో లాగుతోంది. ఆమె చేతుల నిండా రక్తం.

అప్పుడే ఆ కేకలు విని చెంగి వచ్చింది. నావైపు చూడనుకూడా లేదు. గట్టు ఎక్కి నేలమీద కాలితో మూడుచోట్ల తట్టింది. మూడోచోట, "గది ఇక్కడే ఉంది" అంది. అక్కడినుంచి కిందికి తవ్వింది. మట్టి వెనక్కి ఎగిరిపడుతూనే ఉంది. కాసేపటికి పైకప్పులోంచి ఆ పసికూనను చెవి పట్టుకుని లాగింది.

పిల్ల కదల్లేదు. చెంగి దాన్ని తిరగేసి వీపు మీద రుద్దింది. పిల్ల దగ్గింది. నీళ్ళు కక్కింది. తర్వాత ఏడుపు అందుకుంది. అంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు.

నన్ను అందరూ కలిసి వెనక్కి లాగారు. బయటికి రాగానే నేను అన్న మాట ఏమిటో తెలుసా?

"నీళ్ళ సంగతి కాలేజీలో నాకు ఎవరూ చెప్పలేదు!"

చెంగి ఒళ్ళంతా మట్టి. అలసిపోయి కూర్చుని ఉంది. "చెప్పారు సూదీ. గుమ్మం కంటే గది ఎత్తులో ఉండాలని మొదటి ఏడాదే చెప్పారు."

"నాకు వినిపించలేదు."

"నాకూ వినిపించలేదు. తరగతి అయ్యాక వెళ్ళి అడిగాను. ఏనుగుసారు గంటసేపు చెప్పారు. రోజూ ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని ఆయన చెట్టుకింద కూర్చునేవారు. నువ్వు ఎప్పుడూ రాలేదు."

పిన్ని పిల్లలను తీసుకుని వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు ఉదయం వాగు ఒడ్డుకు వెళ్ళాను. నీటికుక్క మేడం గట్టు వేస్తోంది.

"మేడం, నాకు చేస్తేనే వస్తుందండీ. విన్నది నిలవదు. పదిమందిలో అడగాలంటే భయం" అన్నాను. ఆ మూడు ముక్కలు చెప్పడానికి నాకు మూడేళ్ళ పైనే పట్టింది.

"సరే, దిగు" అంది ఆమె.

దిగాను. నాకంటే చిన్నపిల్లల మధ్య కూర్చున్నాను. మొదటివారం వాళ్ళు నన్ను సార్ అనుకుని లేచి నిలబడేవారు. నా తవ్వకం చూశాక మానేశారు. ఎనిమిది బొరియలు కూలగొట్టాను. ప్రతిసారీ మేడం పక్కనే కూర్చుని, "ఎందుకు కూలింది?" అని అడిగేది. తొమ్మిదోది నిలబడింది.

ఏడాది తర్వాత పిన్ని ఇంటికి వెళ్ళి, "ఇంకోసారి తవ్విపెడతాను" అన్నాను.

పిన్ని నా చేతులకు అంటిన మట్టి చూసింది. "తవ్వు. కాని ఈ వానాకాలం అంతా అందులో నువ్వే ఉండాలి" అంది.

ఉన్నాను. నాలుగు నెలలు. ప్రతి వానకూ పిన్ని గుమ్మం దగ్గరికి వచ్చి, "బతికున్నావా?" అని అడిగేది. "పొడిగా ఉన్నాను పిన్నీ" అనేవాణ్ణి. చలికాలం మొదట్లో ఒకరోజు ఆమె లోపలికి వచ్చింది. గోడలు తడిమింది. నేలను వాసన చూసింది. తర్వాత బయటికి వెళ్ళి ముగ్గురు పిల్లలనూ తీసుకువచ్చి, నా సామాను తీసి గుమ్మం బయట పెట్టింది.

నా చదువుకు దొరికిన మొదటి పట్టా అదే పిల్లలూ.

నీతి: కాలేజీ పెద్దదా చిన్నదా అన్నది తర్వాత చూడొచ్చు, నీకు చదువు ఏ దారిలో వంటబడుతుందో ముందు నిజం ఒప్పుకుని, దానికి తగిన చోటు ఎంచుకో.