సూది లేని లేసు

తాయారమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళెవరూ అదే రోజు జవాబు పుచ్చుకుని ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. శుక్రవారం సాయంత్రాలు ఆవిడ తన ఇంటి వసారాలో కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పేవారు. ఒళ్ళో లేసు పెట్టుకుని, అల్లుకుంటూ చెప్పేవారు. వినడానికి వచ్చేవాళ్ళు కూడా ఆ గోదావరి పక్క పల్లెల ఆడవాళ్ళే కాబట్టి వాళ్ళ చేతుల్లోనూ లేసే ఉండేది. ఎవరైనా సందేహం అడిగితే ఆవిడ తల ఎత్తకుండా "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ"కి విన్నానని అర్థమో, ఇక నోరు మూసుకోమని అర్థమో శిష్యురాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ శుక్రవారం మాణిక్యాంబ అందరూ వెళ్ళిపోయేదాకా ఆగింది. చాపలన్నీ చుట్టి గోడకి ఆనించింది. చెప్పులు వేసుకుంది, మళ్ళీ విప్పింది. చివరికి గడప దగ్గర నిలబడి అడిగింది.

"అమ్మగారూ, అలిసిపోవడం పాపమాండీ?"

"ఊఁ," అన్నారు తాయారమ్మగారు.

అడిగింది ఊరికే కాదు. మాణిక్యాంబ తమ్ముడు శంకరం జైల్లో ఉన్నాడు. చేపల చెరువు గట్టు మీద తగాదాలో కోపం పట్టలేక పార కర్రతో కొట్టాడు, అవతలి మనిషి బతకలేదు. శిక్ష పడింది. తమ్ముడు చేసింది తప్పు కాదని మాణిక్యాంబ ఏనాడూ అనలేదు. కానీ అతని పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయింది, స్నేహితులు మొహం చాటేశారు, తల్లి అంతకు ముందే పోయింది. ములాఖత్ రోజు వస్తే బస్సెక్కి వెళ్ళేది మాణిక్యాంబ ఒక్కతే. రెండు బస్సులు మారి వెళ్ళి, బెంచీ మీద గంటలు గంటలు కూర్చుంటే, లోపల కలవనిచ్చేది కాసేపు. ఆ కాసేపూ శంకరం పక్కకి తిరిగి గోడ వైపు చూస్తూ నిలబడేవాడు. తిన్నావా అంటే తల ఊపేవాడు. అంతకు మించి మాట లేదు. ఏడాది దాటిపోయింది ఇలా. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీకి తల ఆనించి, ఎవరి కోసం వెళ్తున్నాను నేను, అనుకునేది.

"మంగళవారమేనా నువ్వు వెళ్ళేది?" అన్నారు తాయారమ్మగారు, దారం చుట్టుకుంటూ.

"అవునండీ. ఇదే ఆఖరనుకుంటున్నానండీ. ఇంక నా వల్ల కాదని వాడితో చెప్పేసి వచ్చేస్తాను."

"నా పేరు కూడా రాయించు. నేనూ వస్తాను."

డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు సహకరించవు. వద్దంటే వింటేనా? మంగళవారం పొద్దున్నే గుడ్డసంచీ ఒకటి చంకన పెట్టుకుని బస్టాండులో తయారు. దారి పొడుగునా మాణిక్యాంబ ఒకే మాటని నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది. "ఇంక నేను రాలేనురా, ఏమీ అనుకోకు." ఎన్నిసార్లు తిప్పినా అది నోటికి సాఫీగా రాలేదు.

జైలు గేటు దగ్గర ఆడ కానిస్టేబులు సంచీలో చెయ్యి పెట్టి, సగం అల్లిన లేసునీ దారపు ఉండనీ బయటికి తీసింది. లేసుకి గుచ్చి ఉన్న సన్నటి ఇనప సూదిని, దాని వంకర కొనని, వేలితో తడిమి చూసింది.

"ఇది లోపలికి రాదు మామ్మగారూ."

మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోయింది. ఎన్నాళ్ళ నుంచో లోపల అణిచిపెట్టుకున్నదంతా ఆ సూది మీదకి వచ్చిపడింది. "పెద్దావిడండీ! అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో మీకు తెలీదా? చేతికి ఏదో ఒక పని ఉండొద్దా? ఆవిడేం, దాంతో ఎవరినైనా పొడుస్తారా?"

"ఆవిడ పొడవరమ్మా. ఆవిడ దగ్గర నుంచి లాక్కున్నవాడు పొడుస్తాడు," అంది కానిస్టేబులు. కోపంగా అనలేదు. పొద్దుట్నుంచీ నిలబడి ఉన్న మనిషి అన్నట్టు అంది.

"నిజమే తల్లీ, నీ పని నువ్వు చెయ్యి," అంటూ తాయారమ్మగారు సూది లాగి ఆమె చేతిలో పెట్టేశారు. పెట్టి, ఆ సూది ఖాళీ చేసిన కుట్టులోకి తన చూపుడు వేలు దూర్చారు.

లేసు అల్లికలో ఎప్పుడూ ఒక కుట్టు తెరిచే ఉంటుంది. సూది అందులో ఉన్నంతసేపూ భయం లేదు. సూది తీసేసి, ఏ మూలనో దారం తగులుకుని లాగిందా, అల్లిందంతా బరబరా ఊడి వచ్చేస్తుంది. ఆ కుట్టుని సాగదీసి వదిలేసే పద్ధతీ ఉంది కానీ, సన్నదారంలో అలా చేస్తే బిగువు పోయి, అక్కడ ఎప్పటికీ బొక్క కనిపిస్తుంది. అందుకని ఆ పల్లెల్లో, లేసు అల్లే తల్లి పొయ్యి దగ్గరికి లేవాల్సి వస్తే, దగ్గరున్న పిల్లలెవరినో పిలిచి ఆ కుట్టుకి వాళ్ళ వేలు అడ్డం పెట్టించి వెళ్తుంది. అక్కడ పెరిగినవాళ్ళందరికీ ఈ కాపలా ఉద్యోగం తప్పలేదు.

వెయిటింగ్ హాల్లో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మాత్రం ఎటు పోతోందో తెలియదు. చుట్టూ అందరివీ ఒకే రకం మొహాలు. ఒకావిడ గోడకి చేరగిలబడి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తాయారమ్మగారు ఒళ్ళో లేసు, వేలికి కుట్టు, ఊరికే కూర్చున్నారు. ఊరికే కూర్చున్న తాయారమ్మగారిని మాణిక్యాంబ అంతకు ముందు చూడలేదు. ఆవిడ ఎంత ముసలివారో అప్పుడు తెలిసింది ఆమెకి. అనవసరంగా తీసుకొచ్చానే అని బాధపడింది.

చాలాసేపటికి తాయారమ్మగారు కదిలారు. "ఇది పట్టుకోవే. ఇప్పుడే వస్తాను," అంటూ కుట్టుని తన వేలి మీంచి మాణిక్యాంబ వేలి మీదకి ఎక్కించి, గోడ పట్టుకుని మెల్లగా బాత్రూముల వైపు వెళ్ళారు.

వెళ్ళినావిడ రాలేదు. మాణిక్యాంబ అటే చూస్తోంది. ఈలోగా తలుపు దగ్గర జవాను శంకరం పేరు పిలిచాడు. ఒకసారే పిలుస్తారు. పలక్కపోతే ఆ రోజుకి అంతే. మాణిక్యాంబ లేచింది. లేసుని ఎక్కడా పెట్టడానికి లేదు, వేలు తియ్యడానికి లేదు. దారపు ఉండని ఎడం చేత్తో పొదివి పట్టుకుని, కుడిచేతి చూపుడు వేలు ఎత్తి పట్టుకుని నడిచింది. జవాను చూసి, "ఏంటమ్మా అది?" అన్నాడు. "దారమండీ. సూది గేటు దగ్గరే ఇచ్చేశాం," అంది. అతను దారం కొస దాకా తడిమి చూసి వదిలేశాడు.

ఇనప జాలీకి అవతల శంకరం ఎప్పటిలాగే గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మాణిక్యాంబ చెప్పాల్సిన మాటని గొంతు దాకా తెచ్చుకుంది. "ఇంక నేను..." అంది.

అంతలో అతని చూపు ఆమె వేలి మీద పడింది. తల పూర్తిగా ఇటు తిప్పాడు.

"ఎవరిదక్కా అది?"

ఏడాది తర్వాత విన్న గొంతు. మాణిక్యాంబ వేలు కొంచెం ఎత్తి చూపించింది. "మా తాయారమ్మగారిదిరా. ఇప్పుడే వస్తానని నాకిచ్చి వెళ్ళారు. ఇంకా రాలేదు."

శంకరం నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు తనే సిగ్గుపడ్డాడు. "మనమ్మా అంతే కదా! అన్నం వార్చి వస్తానని వెళ్ళేది. పక్కింటి పిన్నితో కబుర్లలో పడేది. నీ వేలు తిమ్మిరెక్కితే నా వేలికి ఎక్కించేదానివి. గుర్తుందా?"

"నువ్వు ఏడ్చేవాడివి."

"ఏడ్చినా తీసేవాణ్ణి కాదు కదా."

అంటూ అతను అలవాటు చొప్పున చూపుడు వేలు ముందుకి చాపాడు. అది జాలీకి తగిలి ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "చెయ్యి తియ్యి" అన్నారు. తీసేశాడు. ఇంక నవ్వు లేదు.

"నేను మాట్లాడకపోతే నువ్వే విసిగి మానేస్తావనుకున్నానక్కా. నీ మొహం చూస్తే నాకే నీరసం వస్తోంది. ఎంతకాలం తిరుగుతావు?"

బస్సులో తిప్పుకున్న మాట మాణిక్యాంబ నోటికి రాలేదు. ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకుందామంటే ఒక చేతిలో ఉండ, ఇంకో చేతికి కుట్టు. "అలిసిపోయానురా," అంది. "నిజంగానే అలిసిపోయాను." తమ్ముడితో ఆ మాట అనగలనని ఆమె అనుకోలేదు. శంకరం తల ఊపాడు. ఈసారి ఆమె వైపు చూస్తూ ఊపాడు. గంట కొట్టారు.

బయటికి వచ్చి వెతికితే, తాయారమ్మగారు బాత్రూముల పక్క కుళాయి గట్టు మీద గోడకి తల ఆనించి నిద్రపోతున్నారు. లేపితే ఉలిక్కిపడి లేచి, మొదట కుట్టు చూశారు. బిగువు పోలేదు. దాన్ని మళ్ళీ తన వేలికి ఎక్కించుకున్నారు. గేటు దగ్గర కానిస్టేబులు సూది ఇచ్చేసింది. బస్టాపులో కూర్చోగానే ఆవిడ వేలు తీసి సూది పెట్టి, ఆగిన చోట నుంచి అల్లడం మొదలుపెట్టారు. మాణిక్యాంబ లోపల జరిగిందంతా చెప్పింది. "ఊఁ," అన్నారు ఆవిడ.

"మీరు కావాలనే వెళ్ళిపోయారా అండీ?"

"నాకంత తెలివెక్కడిదే! కాళ్ళు లాగేస్తుంటే అక్కడ కూలబడ్డాను. కన్నంటుకుంది." కాసేపు అల్లి మళ్ళీ అన్నారు. "వచ్చేసారికి నా ఒక్కదాని పేరే రాయించు. నువ్వు ఇంటిపట్టున పడుకో. ఆపైసారి నువ్వు వెళ్దువుగాని."

"అయ్యో, మీ వల్ల ఎక్కడవుతుందండీ? ఇవాళే చూశాను కదా. మీరు అలిసిపోతారు."

తాయారమ్మగారు సూది ఆపి, మొదటిసారి తలెత్తి ఆమె వంక చూశారు.

"అలిసిపోయే కదే, నీ వేలికి ఎక్కించి వెళ్ళాను."