గుల్లపేట నివేదిక

నరహరి పంతులుగారిని ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళడం అరుదు. ఉన్నత పాఠశాలలో ముప్పైయేళ్ళు తెలుగు చెప్పి విరమించాక కూడా పాత శిష్యులు ఆయన దగ్గరికి వస్తూనే ఉండేవారు. వాళ్ళలో చింతాడ గవరయ్య శాసనసభ్యుడు. ప్రభుత్వ ఖర్చుల నిగ్గుతేల్చే సభాసంఘానికి అధ్యక్షుడు కూడాను.

ఆ ఏడు తుఫానుకు గుల్లపేటలో సర్కారు కట్టించిన తుఫాను రక్షణ భవనం కప్పు కూలి, లోపల తలదాచుకున్నవాళ్ళలో ఏడుగురు చనిపోయారు. భవనం కట్టి మూడేళ్ళు కాలేదు. గవరయ్య సంఘం నాలుగు నెలలు విచారించి నివేదిక రాసింది. దాన్ని సభలో పెట్టి, దొంగబిల్లులు పెట్టేవాళ్ళమీద కొత్త చట్టం కూడా తేవాలని అతని పట్టుదల. ఆ ఊపులోనే గురువును అడిగాడు, జనం కట్టిన పన్ను తినేసేవాళ్ళకి ఎంత శిక్ష వేస్తే ఈ దోపిడీ ఆగుతుందని. పదేళ్ళ జైలు చాలదనీ, ఆస్తులు కూడా జప్తు చెయ్యాలనీ తన అభిప్రాయం చెప్పాడు.

"పన్ను కట్టిన మనిషి ఒకరున్నారు. నీ నివేదిక చదివి వినిపిద్దువుగాని, రా" అని పంతులుగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఏ వ్యాపారి ఇంటికో అనుకున్నాడు గవరయ్య. కారు గుల్లపేట సముద్రపు ఒడ్డున ఆగింది. అక్కడ మైలపల్లి దానమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. ఒంటిసబ్బు మొదలు వల దారం దాకా ఆవిడ కొన్న ప్రతిదాంట్లోనూ సర్కారు వాటా ఉందని పంతులుగారు శిష్యుడికి గుర్తుచేశారు. ఆవిడ కొడుకు ఎర్రయ్య, ఆరేళ్ళ మనవరాలు ఆ కప్పు కిందే పోయారు. వచ్చిన పని చెప్పాక దానమ్మ చాప పరిచి, తను ఇసుకలో కూర్చుంది.

గవరయ్య చదివాడు. సిమెంటు నిర్ణీత పాళ్ళకన్నా తగ్గించబడినది. నాసిరకం ఇనుము వాడబడినది. తనిఖీ లేకుండానే నాణ్యత ధ్రువీకరించబడినది. బిల్లులు పూర్తిగా చెల్లించబడినవి.

ఆవిడ తల వంచుకుని విన్నది. "తగ్గించబడింది అన్నారు గదా బాబూ. ఎవులు తగ్గించినారు?"

గవరయ్య పేజీ తిప్పాడు. ఆ పేర్లు అతనికి తెలుసు. మొదటి ప్రతిలో మూడూ ఉన్నాయి: గుత్తేదారు, సంతకం పెట్టిన ఇంజనీరు, బిల్లు తొందరగా ఇచ్చెయ్యమని ఫోను చేసిన తన పార్టీ పెద్ద. పేర్లుంటే సంతకాలు పెట్టబోమని తోటి సభ్యులు మొండికేశారు. నివేదికంటూ ఒకటి బయటికి రావాలి గదా అనుకుని తన కలంతోనే కొట్టేశాడు.

"విచారణలో తేలుతుందమ్మా" అన్నాడు. నాలుగు నెలలూ తాను చేసింది ఆ విచారణేనని, మాట నోరు దాటాక తట్టింది.

దానమ్మ రెట్టించలేదు. పోనీ పోయినవాళ్ళ పేర్లయినా రాశారా అంది. తనకి చదువు రాదు, కొడుకు పేరు ఎక్కడుందో చూపిస్తే ఒకసారి తాకి చూసుకుంటానంది. లేదని తెలిసీ గవరయ్య కాగితాలు తిరగేశాడు. పదకొండో పేజీలో ఒక్క ముక్క ఉంది: ప్రాణనష్టం, ఏడు. ఆ అంకె మీద వేలు పెట్టి, ఇందులోనే ఉన్నారమ్మా అన్నాడు.

ఆవిడ చెయ్యి చీరకి తుడుచుకుని, దాన్ని వేలితో మెల్లగా నిమిరింది. చేప పొలుసొకటి కాగితానికి అంటుకుంది.

"అందరూ ఇంతలోనే పట్టేసినారా బాబూ?"

తిరుగుదారిలో గవరయ్య తనే మొదలుపెట్టాడు. పేర్లు ఉంచితే నివేదిక గడప దాటేది కాదన్నాడు. చట్టమంటూ వస్తే ముందుముందు ఎవరూ తప్పించుకోలేరన్నాడు. పదేళ్ళా, పద్నాలుగేళ్ళా అన్నదొక్కటే ఇక తేలాలన్నాడు.

పంతులుగారు కారు అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నారు:

"ఆవిడ నిన్ను ఎన్నేళ్ళని అడగలేదు, గవరయ్యా."