తెలియనివాళ్ల రేవు మండలి

ఫక్రుద్దీన్‌కు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ ఊళ్లో అతనికి తెలియని మనిషి లేడు.

మామూలు రోజుల్లో అది చిక్కు కాదు, సుఖమే. ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరు పిలిచి ఇంత మజ్జిగ పోసేవాళ్లు. రేవు మండలికి ఐదుగురిని ఏరే పని నెత్తిన పడ్డాక మాత్రం, ఇన్నాళ్లు తాగిన మజ్జిగంతా ఒక్కసారిగా గొంతులో అడ్డం పడింది.

తుంగభద్ర ఒడ్డున చిన్న సంస్థానం అది. ఏటికి అవతల పొలాలు, ఇవతల సంత. మనుషులు, మేకలు, పెళ్లివాళ్లు, అందరూ పుట్టిలోనే దాటాలి. వెదురు బుట్టకు తోలు కప్పి చేసే గుండ్రటి పడవ పుట్టి. అందులో ఎందరిని ఎక్కించాలి, ఏ పుట్టి తోలు చిరిగింది, ఏరు ఎంత పొంగితే రేవు మూయాలి, ఇవన్నీ చెప్పడానికి రాజావారు వేసిన మండలి ఒకటి ఉండేది. రేవులో దాని మాటే చట్టం.

ఆ మండలిలో ఐదుగురు. ఐదుగురూ దివాన్ గారి బావమరుదులే. దివాన్ గారికి భార్య ఒక్కతే గానీ, ఆవిడకు తోడబుట్టినవాళ్లకు కొదవ లేదు. వాళ్లు మండలి పేరు చెప్పి తలపాగాలు చుట్టుకున్నారు, పల్లకీలు ఎక్కారు, రేవు ముఖం మాత్రం చూడలేదు.

కిందటి వానాకాలంలో ఒక పెళ్లిబృందాన్నంతా ఒకే పుట్టిలో కుక్కారు. నడి ఏట్లో అది తిరగబడింది. పెళ్లికొడుకు కొట్టుకుపోయి కింది ఊళ్లో తేలితే, అక్కడివాళ్లు నుదుటి బాసికం చూసి, తమ పెళ్లికొడుకే కాస్త ముందుగా వచ్చాడనుకుని పందిట్లో కూర్చోబెట్టారట. ఊరు ఈ మాట చెప్పుకుని చాలా రోజులు నవ్వింది. మాబున్ని మాత్రం నవ్వలేదు. ఆ పుట్టిలో ఆమె భర్త కూడా ఉన్నాడు. అతను తేలలేదు.

మాబున్ని ఫక్రుద్దీన్‌కు సొంత అక్క.

జనం గొణగడం మొదలుపెట్టాక రాజావారికి భయం పట్టుకుంది. బావమరుదులందరినీ ఇంటికి పంపి, ఏటి ఒడ్డున ఫకీర్లు ఉండే మఠం, తకియాలో ఉండే నూర్ తాతకు కబురు పెట్టారు. కొత్త ఐదుగురిని మీరే ఏరండి, మీరు చేస్తే ఎవరూ వంక పెట్టరు అని. నూర్ తాత ఫకీరు. అడిగినవాళ్లకు అన్నం పెడతాడు, అడగనివాళ్లకు కూడా పెడతాడు, సలహా మాత్రం అడిగినా పెట్టడు. ఆయన కబురంతా విని శిష్యుడు ఫక్రుద్దీన్ వైపు తిరిగాడు.

దానికి కారణం ఉంది. దివాన్ గారి బావమరుదుల మాట వచ్చినప్పుడల్లా ఫక్రుద్దీన్, ఆ పని నాకు అప్పగిస్తే న్యాయం అంటే ఏమిటో చూపిస్తాను అని అంటూ ఉండేవాడు. అన్నం వండుతూ అన్నాడు, గిన్నెలు తోముతూ అన్నాడు, జపమాల తిప్పుతూ కూడా అన్నాడు.

"అయితే చూపించు," అన్నాడు తాత.

ఆ సంతోషం తెల్లారేవరకే నిలిచింది. పొద్దున్నే మంగలి గంగన్న వచ్చి, చిన్నప్పుడు నీ పుట్టువెంట్రుకలు తీసింది నేనే కదా అని గుర్తుచేశాడు. వెనకే కుమ్మరి వచ్చి తన పెద్దకొడుకు ఎంత బుద్ధిమంతుడో చెప్పాడు. ఆ వెనక మజ్జిగ పోసినవాళ్లంతా వరసగా వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఊరికే చూసి పోదామని వచ్చామన్నారు, అంతే. ఇంతకుముందు ఎన్నడూ అతన్ని చూడనట్టు తేరిపార చూశారు.

అందరూ వెళ్లాక మాబున్ని వచ్చింది. ఆమె చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. గడప దగ్గరే నిలబడి, "రేయ్ ఫక్రూ, ఆ మండలిలో నన్ను ఏయ్‌రా. చిరిగిన పుట్టిని నేనుండంగా నీళ్లలోకి దిగనీను," అంది.

ఫక్రుద్దీన్‌కు సరే అనాలనిపించింది. అంతలో ఊరి నోరు గుర్తొచ్చింది. దివాన్ బావమరుదులు పోయి ఫకీరు శిష్యుడి అక్క వచ్చిందంటారు. చూస్తాలే అక్కా అని నీళ్లు నమిలాడు. ఆమె ఇంకో మాట అడగకుండా వెళ్లిపోయింది.

ఆ రోజంతా బుర్ర బద్దలు కొట్టుకుని, సాయంత్రానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అది తట్టగానే తనమీద తనకే గౌరవం పెరిగిపోయింది. తెలిసినవాళ్లతోనే కదా చిక్కు. తెలిసినవాడు ఒక్కడు కూడా లేకుండా చేస్తే సరి. తలుపు మూసుకుంటాడు. కళ్లకు గుడ్డ కట్టుకుంటాడు. వచ్చినవాళ్లను ఒక్కటే ప్రశ్న అడుగుతాడు, నేను నీకు తెలుసా అని. తెలుసు అన్నవాడు బయటికి. తెలియదన్నవాళ్లలో మొదటి ఐదుగురు మండలికి. పేర్లు శుక్రవారం దండోరా వేసేదాకా బయటికి పొక్కకూడదు. పొక్కితే జనం మంచీ చెడూ చెబుతారు, అది కూడా సిఫారసే.

తాత బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇదంతా విన్నాడు.

"కళ్లకు కట్టుకునే గుడ్డ మెత్తగానే ఉందా?" అని అడిగాడు.

మెత్తగానే ఉంది తాతా అన్నాడు ఫక్రుద్దీన్. గురువుగారు తన కళ్ల గురించి కూడా ఆలోచిస్తున్నారని మురిసిపోయాడు.

బుధవారం పొద్దున తకియా ముందు జనం బారులు తీరారు. ప్రశ్న ఏమిటో మొదటివాడు బయటికి వచ్చి చెప్పేశాడు, కాబట్టి వెనకున్నవాళ్లందరికీ తెలుసు. అయినా చాలామంది నోటికి అబద్ధం రాలేదు. గంగన్న లోపలికి వచ్చి, "తెలుసా ఏందప్పా, నీ మొదటి గుండు నేను కొట్టిందే," అని గర్వంగా చెప్పి బయటికి పోయాడు. కుమ్మరి కొడుకు, తెలుసు గానీ అంతగా తెలియదు అన్నాడు. అతన్నీ పంపేశాడు.

ఒకసారి తలుపు తెరుచుకుంది గానీ మాట రాలేదు. నేను నీకు తెలుసా అని ఫక్రుద్దీన్ మళ్లీ అడిగాడు. చాలాసేపు గదిలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"నిన్ను సంకనేసుకుని పెంచినాను కదరా," అంది మాబున్ని.

గుడ్డ కింద కళ్లు తడిశాయి. న్యాయమంటే ఇంత కష్టంగానే ఉంటుంది కాబోలు అనుకుని, తర్వాతివాళ్లు రండి అని పిలిచాడు.

మధ్యాహ్నానికి ఐదుగురు దొరికారు. సంతకు వచ్చిన గుర్రాల వ్యాపారి ఒకడు. శ్రీశైలం పోతూ దారి తప్పి, దారి అడుగుదామని లోపలికి వచ్చిన సన్యాసి ఒకడు. గాజులమ్ముకునే పరదేశి ఒకడు. ఒంటెలు తోలుకుని ఎక్కడో ఇసుక దేశం నుంచి వచ్చినవాడు ఒకడు. ఐదోవాడు పీలగొంతుతో, నువ్వెవరో నాకు తెలియదు నాయనా అన్నాడు. అతని వెంట గదిలోకి గుప్పుమని జవ్వాది వాసన వచ్చింది. ఆ ఊళ్లో ఒంటినిండా జవ్వాది పూసుకు తిరిగేది కోనప్ప ఒక్కడే. కోనప్ప దివాన్ గారి మూడో బావమరిది. ఫక్రుద్దీన్ కళ్లకు గుడ్డ కట్టుకున్నాడు గానీ ముక్కుకు కట్టుకోలేదు కదా. కానీ వాసన పట్టి మనిషిని పోల్చడం కూడా పక్షపాతమేనని తీర్మానించుకుని, ముక్కు మాట వినలేదు.

గురువారం మధ్యాహ్నం తన ఐదుగురినీ తకియాకు భోజనానికి పిలిచాడు. వాళ్లతో పాటు తానూ పంక్తిలో కూర్చున్నాడు. కోనప్ప తలపాగాను ముక్కు దాకా దించుకుని వచ్చాడు. గుండిగలో కిచిడీ పొగలు కక్కుతోంది.

వడ్డనకు తాతే వచ్చాడు. గరిటె పట్టుకోబోయేముందు, ఆ గుడ్డ ఒకసారి ఇవ్వు ఫక్రూ అని అడిగి తీసుకుని, కళ్లకు కట్టుకున్నాడు. మొదటి విస్తరి ముందు ఆగి, నేను నీకు తెలుసా అన్నాడు. గుర్రాల వ్యాపారి తెలియదన్నాడు. అతనికి నిండుగా వడ్డించాడు. సన్యాసికీ, గాజులవాడికీ, ఒంటెలవాడికీ అదే ప్రశ్న, అదే వడ్డన. చూపు లేక కొంత కిచిడీ ఒంటెలవాడి మోకాలి మీద పడితే, అతను దాన్నీ వేలితో తీసుకుని తినేశాడు.

"తెలియదు తాతా," అన్నాడు కోనప్ప. అతనికి రెండు గరిటెలు పడ్డాయి.

చివర ఫక్రుద్దీన్. అదేంటి తాతా, తెలుసు కదా అన్నాడు నవ్వుతూ.

"అయ్యో, తెలిసినవాడివా," అన్నాడు తాత. "నీకు పెడితే పక్షపాతం అవుతుంది నాయనా."

గరిటె వెనక్కి పోయింది. సన్యాసి మారు అడిగి మరీ పెట్టించుకున్నాడు.

ఇదేదో తమాషా అనుకున్నాడు ఫక్రుద్దీన్. సాయంత్రం మళ్లీ అదే గుడ్డ, అదే ప్రశ్న. తెలుసు అన్నాడు, ఖాళీ విస్తరి ముందు నుంచి లేచాడు. శుక్రవారం పొద్దుటికి కడుపులో ఎలుకలు పరుగెత్తడం మాని, ఆ ఎలుకలు కూడా నీరసించి పడుకున్నాయి. వేడి గంజి వాసన తకియా అంతా తిరుగుతోంది. ఒక్క మాటే కదా అనుకున్నాడు. మాటంటే గాలి. ఈ మాటతో తాత తాత కాకుండా పోతాడా, నేను నేను కాకుండా పోతానా.

తాత ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, కళ్లకు గుడ్డతో.

"నేను నీకు తెలుసా?"

"తెలియదు," అన్నాడు ఫక్రుద్దీన్.

గరిటె ఒక్క క్షణం గాలిలోనే ఆగింది. తర్వాత అతని చిప్ప నిండా గంజి పడింది, అంచులు దాటి పొర్లేటంతగా.

ఫక్రుద్దీన్ చిప్ప ఎత్తలేకపోయాడు. తన గొంతు తన చెవుల్లోనే ఉండిపోయింది. కోనప్ప గొంతు కూడా ఇంత తేలిగ్గానే పలికింది. అదే గదిలో అక్క చాలాసేపు ఊరుకుంది. ఏం చెబితే బయటికి పోవాలో ఆమెకు అప్పటికే తెలుసు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అనలేదు. అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

ఏడుపు ఆగాక, "తాతా, గుడ్డ విప్పేస్తే మా అక్క కనబడుతుందే," అన్నాడు.

"కనబడనీ. ఆమెను నువ్వు చూడు. నిన్ను ఊరు చూస్తుంది."

తాత కళ్ల గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, దాంతో వేడి గంజి గుండిగను పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి తకియాలో అది మసిగుడ్డ.

మధ్యాహ్నం దండోరా పడింది. పేర్లు చెప్పడానికి కాదు, అందరినీ రేవుకు రమ్మని. ఫక్రుద్దీన్ ఎండలో ఇసుక మీద నిలబడి, తాను ఏరిన ఐదుగురి సంగతీ, వాళ్లను ఎలా ఏరాడో కూడా దాచకుండా చెప్పాడు. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు, చాలాసేపు ఆపలేదు. అతనూ తల వంచుకుని ఆ నవ్వంతా విన్నాడు. సన్యాసి దారి దొరికి అప్పటికే వెళ్లిపోయాడు. గుర్రాలవాడు, గాజులవాడు మాకు సంతలో పనుందని తప్పుకున్నారు. ఒంటెలవాడు చేతులు జోడించి, తనకు నీళ్లంటే చచ్చేంత భయమని చెప్పుకున్నాడు. ఒక ముసలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఈ జవ్వాది మన కోనప్పది కాదా అని అడిగింది. ఎవరో ఐదోవాడి తలపాగా కాస్త పైకెత్తి చూశారు. కోనప్పే.

అప్పుడు ఫక్రుద్దీన్, కావాలనుకున్నవాళ్లు ముందుకు రండి, ఎవరికి ఏది అడగాలనిపిస్తే అది అడగండి, నేను అబద్ధాలు ఆపడానికి మాత్రం ఉంటాను అన్నాడు. అడగమన్నాక ఊరు ఊరుకుంటుందా. ఏరు పొంగితే ఏం చేస్తావు, మీ మామ మేకలు ఎక్కిస్తానంటే ఏం చేస్తావు అని పీకి పాకం పెట్టారు. దివాన్ గారి దూరపు చుట్టం ఒకతను బెదరకుండా అన్నిటికీ సరైన జవాబులు చెప్పాడు. చుట్టం అయినంత మాత్రాన కాదనలేక, అతన్ని తీసుకున్నారు.

మాబున్ని ముందుకు వచ్చింది. ఈమె మీ అక్క కదా అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"మా అక్కే," అన్నాడు ఫక్రుద్దీన్. "అందుకే నేను నోరెత్తను. మీరే అడగండి."

తక్కినవాళ్ల కంటే ఆమెనే ఎక్కువ సతాయించారు. చివర గంగన్న లేచి, "పుట్టి నిండినాక మీ తమ్ముడు పరిగెత్తుకుంటా వస్తే ఏం జేస్తావమ్మా?" అన్నాడు.

"ఈదుకుంటా రమ్మంటా," అంది మాబున్ని.

ఊరు ఆమెను కూడా మండలిలో వేసుకుంది. సాయంత్రానికల్లా ఐదుగురూ కుదిరారు.

ఆ ఏడు వానలు జోరుగా పడ్డాయి. అలాంటి ఒక రోజున అవతలి ఒడ్డు నుంచి తకియాకు విందు పిలుపు వచ్చింది. మాంసం పలావు అని కబురు. తాత ముందుగా పోయి పుట్టిలో కూర్చున్నాడు. ఫక్రుద్దీన్ మంచి అంగీ వెతుక్కుని వేసుకుని, రేవు మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాబున్ని చెయ్యి అడ్డం పెట్టింది.

నిండింది అంది. అక్కా, నేనొక్కణ్ణే కదా, బక్కవాణ్ణి అన్నాడు. నిండింది రా అంది మళ్లీ, అతని వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ. తాత ఉన్నారక్కా అందులో అని గొణిగాడు. తాతను కలుపుకునే నిండింది అంది.

పుట్టి కదిలి, ఒక చుట్టు తిరిగి, ప్రవాహంలో పడింది. నడుమ దాకా పోయాక తాత వెనక్కి తిరిగి, ఒడ్డుకు వినబడేటట్టు కేకేశాడు.

"ఫక్రూ, ఆమె నీకు తెలుసా?"

ఫక్రుద్దీన్ మంచి అంగీ తడవకుండా పైకి మడుచుకుని, అక్క పక్కనే మెట్టు మీద కూర్చుని, తర్వాతి పుట్టి కోసం చూశాడు.