బల్లెం పట్టే వేషం

ఓబన్న మంచి నటుడే. కానీ కోట నాటకశాలలో అతనికెప్పుడూ ద్వారపాలకుడి వేషమే దక్కేది. బల్లెం పట్టుకుని నిలబడడం, రాజు వేషగాడు వస్తే తల వంచి పక్కకు తప్పుకోవడం, అంతే. అయినా ఏటా వసంతోత్సవానికి ముందు, వేషాలు పంచే రోజున వెళ్లి రాజు వేషం అడిగేవాడు.

ఆ ఏడూ అడిగాడు. నాటకశాల అధికారి వీరపయ్య తాంబూలం నములుతూ, దిండు మీంచి లేవకుండానే నవ్వాడు.

"నీ మొహంలో రాజెక్కడున్నాడోయ్? నువ్వు చేసే పని స్తంభం కూడా చేస్తుంది. పో, బల్లెం పుచ్చుకో."

ఓబన్న బల్లెం తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాజుగారు అప్పుడప్పుడూ చెప్పాపెట్టకుండా నాటకశాలకు రావడం అందరికీ తెలిసిందే. కాసేపటికి ఓబన్న ఉన్నట్టుండి నిటారయ్యాడు. బయటికి చూసి, ఊపిరి బిగబట్టి, తల వంచి, వెనక్కి జరిగి దారి ఇచ్చాడు.

వీరపయ్య తాంబూలం గుటుక్కున మింగి, దిగ్గున లేచి, కండువా నడుముకు చుట్టుకుని, గుమ్మం వైపు వంగి దండం పెట్టాడు. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. తలెత్తి చూస్తే గుమ్మం ఖాళీ.

"రాజుగారేరిరా?" అని గర్జించాడు.

"నా మొహంలోనే ఉన్నారండి. తమరిప్పుడేగా దండం పెట్టారు."

వీరపయ్య వెళ్లి కిరీటం తెచ్చి ఓబన్న చేతిలో పెట్టాడు. ఓబన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

"ఇంకేం కావాలయ్యా?"

"ఒక్క మనవి. బల్లెం మాత్రం మంచి నటుడి చేతికే ఇవ్వండి. వాడు సరిగ్గా తల వంచకపోతే నేను రాజునెలా అవుతాను?"